ఎర్ర తివాచీ మీద మా బర్రె

నిన్న ఆదివారం నేనేం చేసినానో ఇంకా మీ చెవిన పడలేదా? అయితే మీరు మార్కాపురంలో ఉన్నట్టే కాదు! ఒక పెళ్ళికొడుకు తొక్కాల్సిన ఎర్ర తివాచీని ముందు మా బర్రె చేత తొక్కించినా. అదీ ఆ పెళ్ళివాళ్ళ చేతే రోడ్డు మీద పరిపించి! నవ్వబాకండి, సాంతం వినండి. చివరికి గెలిచింది నేనే. అంటే... దాదాపు నేనే.

మా అత్తమ్మకు ప్యాకెట్ పాలంటే గిట్టదు. "అవి పాలా? గిన్నె కడిగిన నీళ్ళు!" అంటది. ఊరి చివర ఇల్లు కట్టుకున్న కాడి నుంచీ బర్రె కావాలని ఒకటే పోరు. ఆ పోరు పడలేక మా మామయ్య అర్ధవీడు పక్కన తెలిసినోళ్ళ దగ్గర ఒక చూడి బర్రెను మాట్లాడినాడు. నల్లగా నిగనిగలాడతా, చుట్టలు తిరిగిన కొమ్ములతో, నెల తిరక్కుండా ఈనేటట్టు ఉంది. మా ఆయన క్యాంపులో ఉన్నాడు. మామయ్య ఒక్కడే పోతానంటే నేను ఊరుకుంటానా?

"నేనూ వస్తా మామయ్యా. జంతువుల సంగతి నాకు తెలుసు గదా."

"బర్రెలు మీ సిలబస్‌లో ఉన్నాయా అమ్మా?"

"నాడీ వ్యవస్థ ఉన్న ప్రతిదీ నా సిలబస్సే మామయ్యా!"

ఏం డైలాగ్ కొట్టినా చూడండి! జువాలజీ మేడం అంటే ఆ మాత్రం ఉండొద్దూ!

పోయినాం, చూసినాం, ట్రాలీ ఆటో ఎక్కించినాం. కంభం దాటినాం. బర్రె వెనక గడ్డి నమిలుకుంటా నిలబడింది, నేను ముందు సీట్లో మామయ్య పక్కన కూర్చుని దాని నాలుగు గదుల పొట్ట గురించి లెక్చర్ ఇస్తా ఉన్నా. మామయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. గురక కూడా పెట్టినాడు.

ఇంక మార్కాపురం వచ్చేసింది, పలకల ఫ్యాక్టరీలు కనబడతా ఉన్నాయి. అంతలో టప్‌మని సౌండు! ఆటో ఆగిపోయింది. డ్రైవరు కిందికి మీదికి చూసి, "క్లచ్ వైరు తెగింది సార్, ఇంక కదలదు" అన్నాడు. మా ఇల్లేమో ఊరికి ఆ కొసన. మామయ్య తలపాగా బిగించి, "దింపు నాయనా, నడిపించుకుని పోతాం. ఎంత దూరం గనక!" అన్నాడు.

బర్రెను దింపినాం. బంగారం లాంటి బర్రె, చెప్పిన మాట వింటా వచ్చింది. నేను పక్కన చున్నీ సర్దుకుంటా ఠీవిగా నడుస్తా ఉన్నా. బడి కాడికి వచ్చేసరికి రోడ్డు సన్నబడింది. ఒక పక్క పైపుల కోసం తవ్విన లోతైన గుంత, ఇంకో పక్క కంకర కుప్పలు. మధ్యలో ఒక్క బండి పట్టేంత దారి. ఆ దారికి అడ్డంగా, స్పీడు తగ్గించడానికి కొత్తగా వేసిన తెల్ల పట్టీలు. ఒకదాని వెనక ఒకటి, పెయింటు తళతళలాడతా ఉంది.

బర్రె టక్కున ఆగింది.

మామయ్య తాడు లాగినాడు. కదల్లేదు. "ప్చ్ ప్చ్, దా తల్లీ" అన్నాడు. కదల్లేదు. నేను గడ్డి చూపించినా. మెడ చాచి గడ్డి తినింది గానీ కాలు మాత్రం ఎత్తలేదు!

మా వెనక ఒక బైకు వచ్చి ఆగింది. తర్వాత ఆటో. తర్వాత ఆర్టీసీ బస్సు. ఆ వెనక... పూలదండలు కట్టిన కారు. లోపల బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు! ఎదురుగా వచ్చే బండ్లు కూడా ఆగిపోయినాయి. వెనక్కి తిప్పుకోడానికి ఎవరికీ సందు లేదు. హారన్లు! ఒకటి మొదలుపెడితే అన్నీ మొదలుపెట్టినాయి.

బర్రె చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్ళు వణికింది. గుంత వైపు ఒక అడుగు జరిగింది. అప్పుడు నా గుండె జారిపోయింది చూడండి! చూడి బర్రె. బెదిరి ఆ గుంతలో పడిందంటే తల్లీ దక్కదు, కడుపులోదీ దక్కదు. మామయ్య మొహం పాలిపోయింది. "అమ్మా, ఆ హారన్లు ఆపమని చెప్పు" అన్నాడు.

నేను బస్సు ముందుకు పోయి రెండు చేతులూ ఎత్తి, క్లాసులో వెనక బెంచీ వాళ్ళ మీద అరిచినట్టు అరిచినా. "సైలెన్స్!"

ఏమనుకుంటున్నారు! అన్ని హారన్లూ ఆగిపోయినాయి.

ఆగితే ఏం లాభం? సలహాలు మొదలైనాయి. "తోక మెలిపెట్టక్కా!" "వెనక నుంచి నెట్టండి!" ఒకాయన నిజంగానే వెనక్కి పోయి నెట్టబోయినాడు. "వద్దన్నా! బర్రెకు చుట్టూ కనపడుద్ది గానీ సరిగ్గా తోక వెనక కనపడదు. కనపడని చోట నుంచి తాకితే తంతాది!" అన్నా. "మా ఇంట్లో బర్రెలు లేవా ఏందమ్మా" అని ఆయన ఇంకో అడుగు వేసినాడు. తన్నింది. పాపం తొడ మీద తగిలింది, గట్టిగా కాదులెండి. కంకర కుప్ప మీద కూర్చున్నాడు. నాకు బాధగానే ఉంది, కానీ లోపల ఎక్కడో... సిద్ధాంతం కరెక్టే గదా!

అప్పటి నుంచి జనం నన్ను "మేడం" అనడం మొదలుపెట్టినారు. అక్కడే నాకు కొంచెం తలకెక్కింది.

"ఇది ఎందుకు భయపడుతుందో నాకు తెలుసు" అని ప్రకటించినా. తెలియదు! కానీ ప్రకటించినా. పెళ్ళి కారుకు కట్టిన జరీ కాగితాలు ఎండకు మెరుస్తా ఉంటే, ఆ మెరుపే కారణం అన్నా. పెళ్ళివాళ్ళు ఆ కాగితాలన్నీ పీకేసినారు. కారు బోసిపోయింది. బర్రె కదల్లేదు.

"అయితే మన వల్లే" అన్నా. "మన కళ్ళు పులి కళ్ళ లాగా ముందుకుంటాయి. అట్లాంటి కళ్ళు ఎదురుగా చూస్తా ఉంటే గడ్డి తినే జంతువు మెదడు, తనను తినడానికే వచ్చినారు అనుకుంటది. అందరూ మొహాలు తిప్పుకోండి!"

ఊహించుకోండి. బస్సులో వాళ్ళతో సహా అందరూ మొహాలు పక్కకు తిప్పుకుని నిలబడినారు. బర్రె కదల్లేదు.

పెళ్ళికొడుకు మేనమామ కారు దిగి వచ్చినాడు. పట్టు పంచె, మెడలో కండువా, మొహం కందగడ్డ. "ఏందమ్మా ఇది? ముహూర్తం దగ్గర పడింది! ఆ బర్రెను పక్కకు లాగుతావా, నన్ను లాగమంటావా?"

"లాగితే గుంతలో పడతాదన్నా. చూడిది."

చూడిది అనేసరికి ఆయన తగ్గినాడు. "అయితే ఆ గడ్డి ముఖం ముందు ఊపమ్మా, అదే వస్తాది" అన్నాడు.

"ఊపితే వచ్చేది కప్ప అన్నా! కప్ప కళ్ళు కదిలేదాన్నే పట్టించుకుంటాయి. ముందర చచ్చిన ఈగల్ని కుప్ప పోసినా దానికి తిండని తెలియదు. బర్రె కళ్ళు అట్ల కాదు, అవి..."

అక్కడ ఆగిపోయినా. బర్రె కళ్ళు ఎట్ల? ప్రతి సంవత్సరం బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పే పాఠం! తిరిగి బర్రెను చూసినా. తల పైకెత్తి ఉంది. తాడు లాగీ లాగీ మేమే దాని తల పైకెత్తి పెట్టినాం! ముక్కుపుటాలు ఎగరేస్తా, అది చూసేది మమ్మల్ని కాదు, కారును కాదు. కింద ఆ తెల్ల పట్టీల్ని.

"మామయ్యా! అవి దానికి గుంతలు!"

"ఏవమ్మా?"

"ఆ పట్టీలే! బర్రె కళ్ళు తలకు అటొకటి ఇటొకటి ఉంటాయి. చుట్టూ కనపడుద్ది గానీ, రెండు కళ్ళూ కలిసి చూసేది ముందు కాస్త జాగానే. రెండు కళ్ళ బొమ్మలూ మెదడులో కలిస్తేనే గదా లోతెంతో బాగా తెలిసేది! తల ఎత్తి ఉన్నప్పుడు దానికి కాళ్ళ ముందర ఏముందో సరిగ్గా అందదు. ఒక తెలుపు, ఒక నలుపు, ఒక తెలుపు, ఒక నలుపు... ఆ నలుపంతా లోతు అనుకుంటా ఉంది. పక్కన నిజం గుంత ఉండనే ఉంది. మట్టి దారుల్లో తిరిగిన బర్రె, ఇట్లాంటివి ఎప్పుడు చూసింది పాపం!"

మామయ్య నా మొహం చూసినాడు, పట్టీలు చూసినాడు. "అయితే వాటిని కప్పేస్తే?"

కప్పడానికి ఏముంది? గోనెసంచులు లేవు. పెళ్ళి కారు వెనక చూస్తే షామియానా సామాన్ల ఆటో, కుర్చీల మీద చుట్ట చుట్టిన ఎర్ర తివాచీ. అదే పెళ్ళికి పోతా ఉంది. కల్యాణ మండపం గేటు నుంచి పీటల దాకా పెళ్ళికొడుకు నడిచి రావాల్సిన తివాచీ!

"అన్నా, అది పరవండి" అన్నా.

మేనమామకు మాట రాలేదు. వచ్చినాక ఆగలేదు. "బర్రెకా? మా వాడి తివాచీ బర్రెకా? పైగా ఎర్రది! ఎరుపు చూస్తే పొడుస్తాది గదా!"

"దానికి మనకు కనపడినట్టు ఎరుపు కనపడదన్నా. మన కంటిలో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, దానికి రెండే. ఈ ఎరుపు దానికి మట్టి రంగు లాగా మసగ్గా ఉంటాది."

అప్పుడు కారు అద్దం దిగింది. పెళ్ళికొడుకు తల బయటకు పెట్టి, "మామా, పరవండి మామా! ముందు అది నడిస్తే గదా నేను నడిచేది!" అన్నాడు.

ఆ పిల్లోడు చల్లగా ఉండాలి!

పరిచినారు. పట్టీలన్నీ మూసుకుపోయినాయి. ఇంకా నున్నగా ఉందని నేను రెండు దోసిళ్ళ మట్టి తెచ్చి దాని మీద చల్లినా. మేనమామ కళ్ళు మూసుకున్నాడు. "మామయ్యా, తాడు వదులు చెయ్యండి. లాగొద్దు. దాన్ని తల దించనీండి. మీరు భుజం పక్కన నిలబడండి, ఎదురుగా వద్దు."

మామయ్య తాడు వదిలినాడు. బర్రె మెల్లగా తల దించింది. తివాచీని వాసన చూసింది. ఫుస్సుమని ఊపిరి వదిలింది. ఒక కాలు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

నడిచింది! మహారాణి నడిచినట్టు నడిచింది! మధ్యలో ఆగి, తోక ఎత్తి, తీరిగ్గా పేడ వేసి మరీ నడిచింది!

బస్సు బస్సంతా చప్పట్లు. తన్ను తిన్నాయన కూడా కంకర కుప్ప మీద నుంచి ఈల వేసినాడు. మామయ్య కండువాతో కళ్ళు తుడుచుకుంటా, కనపడినోళ్ళందరికీ "మా కోడలు, మా కోడలు" అని చెప్పడమే. మేనమామ తివాచీ వైపు చూసి ఏదో అనబోతే, కారులో నుంచి పెళ్ళికొడుకు తల్లి అడ్డుకుంది. "ఊరుకోరా! చూడి బర్రె మనకు ముందు నడిచి తివాచీ తొక్కింది, ఇంతకంటే మంచి శకునం ఉంటాదా? కడిగి పరవమను!" కారు కదిలేటప్పుడు పెళ్ళికొడుకు నాకు దండం పెట్టినాడు. నేను చెయ్యెత్తి దీవించినా కూడా! ఆ సమయంలో నన్ను నేను ఎవరనుకున్నానో నాకే తెలియదు.

అక్కడి నుంచి ఇంటి దాకా నా కాళ్ళు నేల మీద లేవు. ఎక్కడ డ్రైనేజీ మూత కనపడినా, ఎక్కడ నీడ అడ్డంగా పడినా, ముందే "మామయ్యా, తాడు వదులు!" అని ఆర్డర్లు. బర్రె తల దించడం, చూడడం, దాటడం. జంతువు మెదడు నాకు తెరిచిన పుస్తకం అయిపోయింది!

వీధి మలుపు తిరిగినాం. ఇంటి ముందు అత్తమ్మ కొత్త చీర కట్టుకుని, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. గేటు ముందు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, ఈ చివర నుంచి ఆ చివరకు, సందు లేకుండా... ముగ్గు! తెల్లగా! గీతలే గీతలు!

బర్రె టక్కున ఆగింది.

"అత్తమ్మా..." అన్నా మెల్లగా. "ఆ ముగ్గు కొంచెం చెరపాలి."

హారతి పళ్ళెం అక్కడే ఆగిపోయింది. "ఏమన్నావు?"

"చెరపాలి అత్తమ్మా. బర్రె కంటికి అవి గుంతలు..."

"పొద్దున్నుంచి నడుం విరగ్గొట్టుకుని వేసినా. ఇంటికి లక్ష్మి వస్తా ఉంటే ముగ్గు చెరపమంటావా? నా ముగ్గు గుంతలా?"

మామయ్య వైపు చూసినా. రోడ్డంతా "మా కోడలు" అని చాటిన మనిషి, ఇప్పుడు కరెంటు స్తంభం మీద కాకిని చూస్తా ఉన్నాడు. అన్ని జంతువుల నాడీ వ్యవస్థలూ చదివినా గానీ, అత్తగారిది ఏ పుస్తకంలోనూ లేదే!

నేను ఇంకో లెక్చర్ మొదలుపెట్టబోతా ఉన్నా. అంతలో బర్రె తనంతట తనే తల దించింది. ముగ్గును వాసన చూసింది. నాలుక చాచి ఒక్క నాకు నాకింది. లక్ష్మి కోసమని అత్తమ్మ సున్నపు పొడితో కాదు, అచ్చం బియ్యప్పిండితో వేసింది! ఇంక చూడండి, గీత వెంబడి గీత నాక్కుంటా, చుక్కలు కూడా వదలకుండా, గేటు దాటి నేరుగా లోపలికి పోయింది.

"తల దించింది గదా అత్తమ్మా! అందుకే లోతు తెలిసింది! నేను చెప్పిందీ అదే..."

ఎవరు వింటారు? అత్తమ్మ హారతి ఇచ్చి, బొట్టు పెట్టి, మామయ్య చెప్పిన రోడ్డు కథ సగం విని, అప్పుడే గిద్దలూరులో ఉన్న వాళ్ళ అక్కకు ఫోన్ కలిపింది. "మా కోడలు చదువుకున్న పిల్లే అక్కా, కాదనను. తివాచీలూ గివాచీలూ పరిపించిందంట. కానీ బర్రెను ఇంట్లోకి తెచ్చింది మాత్రం నా ముగ్గే!"

నేను నోరు తెరిచినా. మళ్ళీ మూసుకున్నా. రేపు ఇది ఈనినాక పాలు పిండేదీ ఆమే, నా గ్లాసులో చిక్కటివి పోయాలా, నీళ్ళు కలిపి పోయాలా అని తేల్చేదీ ఆమే. "అవునత్తమ్మా, ముగ్గే" అన్నా.