కర్ర వదిలేసే చెయ్యి

పరాయి దేశంలో, అరోరా అనే ఊళ్ళో ఉండగా, నలభై ఒకటో ఏట, నేను ఆడవాళ్ళ ఐస్ హాకీ జట్టులో చేరాను. ఆఫీసులో ఒకావిడ వచ్చి జట్టుకు ఒక మనిషి తక్కువైందంటే కాదనలేకపోయాను. నేను చేసిన చాలా పనులు ఇలాగే మొదలయ్యాయి.

మంచు మీద నిలబడటం మూడు నెలల్లో వచ్చింది. పక్ నా దగ్గర నిలబడటం మాత్రం రాలేదు. పక్ అంటే అరచేతిలో పట్టే నల్ల రబ్బరు బిళ్ళ. దాన్ని కర్రతో తోసుకుంటూ పోవాలి, అవతలి జట్టువాళ్ళు మీదపడి లాక్కోవాలని చూస్తారు. మా కోచ్ రిటైరైన లెక్కల టీచరు. ఆవిడ చెప్పింది ఇంతే: మీదికొచ్చే మనిషికి వీపు చూపించు, మోకాళ్ళు వంచు, రెండు చేతులూ కర్ర మీద ఉంచు.

వీపు చూపించడం, వంగడం వచ్చాయి. చిక్కంతా చేతుల దగ్గరే. అంతమంది తోసుకునేచోట కాళ్ళు తగలకుండా ఉండవు. నా స్కేటు ఎవరికైనా తగిలిందో లేదో, నా కుడిచెయ్యి కర్ర వదిలేసి, ఆవిడ భుజం తాకి, కళ్ళకద్దుకోవడానికి వచ్చేసేది. మొహానికి ఇనుప జాలీ ఉంటుంది కాబట్టి గ్లవ్ దానికి టక్కున కొట్టుకునేది. ఈలోగా పక్ అవతలి కొసకు చేరేది. ఆపుకోవాలని నాకూ ఉండేది. కానీ చిన్నప్పటి నుంచి పుస్తకానికీ, మనిషికీ, ఓసారి చీకట్లో బియ్యం బస్తాకీ దండం పెట్టిన చెయ్యి అది. నన్ను అడిగి కదలదు.

మా ఆయన ఆటస్థలం చుట్టూ ఉండే అద్దాల అవతల ఫ్లిప్ ఫోన్ పట్టుకుని కూర్చుని చూసేవారు.

"కాలు తగిల్తే సారీ చెప్పెయ్యొచ్చు కదా. పక్ ఇచ్చి మరీ దండం పెడతావేంటి?" అన్నారు ఒకరోజు కార్‌లో.

"రేపట్నుంచి మీరొచ్చి ఆడండి," అన్నాను. ఆయన డ్రైవింగ్ మీద దృష్టి పెట్టారు.

ఆ సీజన్‌లో ఆఖరి ఆట దాకా మేం ఒక్కటీ గెలవలేదు. రెండుసార్లు ఆఖరి నిమిషంలో పక్ నా దగ్గర నుంచే పోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఏడుపొచ్చేది అందుకే. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంటికి పోయి హాయిగా పడుకునేదాన్ని.

ఆఖరి ఆటలో ఒక గోల్ ముందున్నాం. ఇంకో ముప్ఫై సెకన్లు ఉన్నాయనగా పక్ జారుకుంటూ మూలన ఉన్న నా దగ్గరికే వచ్చింది. దానికి వేరే మనిషే దొరకలేదు. గోడ వైపు తిరిగి, వంగి నిలబడ్డాను. నాకన్నా అడుగు పొడవున్న మనిషి వెనక నుంచి వచ్చి నన్ను నొక్కేసింది. ఆవిడ కర్ర నా కాళ్ళ మధ్య వెతుకుతోంది. నా స్కేటు ఆవిడ కాలికి గట్టిగా తగిలింది. చెయ్యి లేవబోయింది. పళ్ళు బిగబట్టి దాన్ని కర్ర మీదే ఉంచాను. మళ్ళీ తగిలింది. ఈసారి తొక్కాననే అనుకుంటాను. ఇంత పాపిష్టిదాన్ని ఎప్పుడయ్యానా అనిపించింది. అంత సంతోషం కూడా అదివరకెప్పుడూ కలగలేదు.

సైరన్ మోగింది. ఆ పొడుగావిడ తప్పుకుంది. మావాళ్ళు అరుచుకుంటూ వస్తున్నారు. రిఫరీ వచ్చి పక్ ఇమ్మని చెయ్యి చాపాడు. నా రెండు చేతులూ ఇంకా కర్ర మీదే, పక్ నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆట అయిపోయిందని చెప్పి మళ్ళీ అడిగాడు.

"ఇస్తా, ఉండండి," అన్నాను, తెలుగులో.