పొట్టేలు ధర్మం చెప్పిన లింబాద్రి

ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నాది పశువుల మందుల దుకాణం. ఇరవై ఏళ్లుగా గొర్రెల కాపరులకు మందులు అమ్ముతున్నాను, వాళ్ల కబుర్లు మాత్రం ఊరికే వింటున్నాను. వాటిలో సగం ఒక్క లింబాద్రివే.

అతనిది పోచారం చెరువు పక్క ఊరు. యాభై రెండేళ్లు. నూరు గొర్రెలు, నాలుగు పొట్టేళ్లు, ఒక భార్య. ఆ చివరి అంకె దగ్గరే అతనికి ఈమధ్య అసంతృప్తి మొదలైంది.

తప్పంతా ఫోనుది. కామారెడ్డిలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే కొడుకు జీవన్ తండ్రికి ఒక ఫోను కొనిచ్చాడు. గొర్రెలు మేస్తున్నంతసేపూ లింబాద్రి అందులో జంతువుల వీడియోలు చూసేవాడు. సింహం వెంట ఎన్ని ఆడ సింహాలు తిరుగుతాయి, కొండముచ్చు గుంపును ఒక్క మగకోతి ఎలా ఏలుతుంది, సముద్రపు ఒడ్డున ఏనుగంత సీలు జంతువు యాభై ఆడవాటిని చుట్టూ ఎలా కూర్చోబెట్టుకుంటుంది, అన్నీ కంఠస్థమయ్యాయి.

"పుంజును జూడు, పొట్టేలును జూడు, మా పోచారం అడివిల దుప్పిని జూడు ఇస్మాయిల్ భాయ్. ఒక్క మగదానికి పదో ఇరవయ్యో. సృష్టే గట్ల వెట్టింది. మనిషే తప్పు తొవ్వ వట్టిండు. మీకే నయం, నలుగురి దాక ఒప్పుతరు."

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా వీధిలో నలభై ఇళ్లున్నాయి. ఇద్దరు భార్యలున్న మగవాణ్ని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు.

"అందర్ని సమానంగ చూసుకునేటోనికే ఆ మాట లింబాద్రీ. నేను మా ఇంటామె అన్వరి బేగం ఒక్కదాన్నే సరిగ్గ చూసుకుంట లేనని రోజూ వింటున్న. అయినా, ఆ సీలు నెలల తరబడి తిండి మానేసి, కొట్లాడి కొట్లాడి ఒళ్లంతా చీరుకపోతది. ఆ వీడియో చివరిదాక చూసినవా?"

"చివరికి పోనియ్య. నడుమలనే ఇంకోటి పెట్టుకుంట," అన్నాడు.

అసలు సంగతి మంగవ్వ. మా దుకాణం వెనక వీధిలో ఉంటుంది. భర్త పోయి ఆరేళ్లయింది. బీడీలు చుట్టి కూతుర్ని చదివించుకుంటోంది. ఓసారి తన మేకలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు కోసం వస్తే, మేక మూతి ఎలా పట్టుకోవాలో లింబాద్రి తన మూతి పట్టుకుని మరీ చూపించాడు. ఆమె నవ్వింది. అంతే. ఆ నవ్వుకే అతను లోలోపల పందిరి వేసేశాడు. మంగవ్వను మాత్రం ఒక్క మాట అడగలేదు.

రెండో పెళ్లికి చట్టం ఒప్పదని చెప్పాను. చట్టం సంగతి తర్వాత, ముందు తన భార్య నాగవ్వ ఒప్పుకోవాలన్నాడు. వాళ్ల ఊళ్లో వెనకటి నుంచీ ఒక పద్ధతి ఉందట. రెండో ఆమెను తెచ్చుకోవాలంటే మొదటి భార్యే స్వయంగా ఆమెకు బొట్టు పెట్టి, చీర పెట్టి పిలవాలి. అందుకని కామారెడ్డి వెళ్లి ఒకే రంగువి, ఒకే అంచువి రెండు చీరలు తెచ్చాడు. రేపు సవతుల మధ్య జగడం రాకూడదని ముందుచూపు.

నాగవ్వకు చెప్పే ధైర్యం మాత్రం చాల్లేదు. అంగడి రోజు ఆమెను నా దుకాణానికి తీసుకొచ్చి, నన్ను పక్కన పెట్టుకుని చెప్పాడు. ఇంట్లో అయితే ఆమె చేతికి రోకలి అందుతుంది.

నాగవ్వ అంతా విన్నది. చీరలు విప్పి అంచులు చూసింది. మళ్లీ మడత పెట్టింది.

"సరే. బొట్టు నేనే పెడ్త. వచ్చే అంగడి నాడు, గీడనే."

నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి ఇంత తేలిగ్గా తలూపడమేమిటి? ఆ వారమంతా నాకు మనసు బాగాలేదు.

తర్వాతి అంగడికి లింబాద్రి జుట్టుకు రంగేసుకుని వచ్చాడు. ఆ రంగు చెవుల దాకా దిగింది. నాగవ్వ, మంగవ్వ కలిసి వచ్చారు. దుకాణం ముందు బల్ల మీద మంగవ్వను కూర్చోబెట్టి నాగవ్వ బొట్టు పెట్టింది, ఒళ్లో చీర పెట్టింది. లింబాద్రి ముఖం వెలిగిపోయింది.

మంగవ్వ లేచి అతనికి దండం పెట్టింది.

"అన్నా, నాకు తోడవుట్టినోల్లు లేరు. వదిన ఇంటికొచ్చి అంతా చెప్పింది. ఆడిబిడ్డనని బొట్టు పెట్టి చీర పెట్టింది. ఇగ రాఖీ పున్నానికి మీ ఇంటికే వస్త."

మందుల కోసం వచ్చిన కాపరులు పగలబడి నవ్వారు. లింబాద్రి చెవుల మీది నలుపు కింద ఎరుపు కనిపించింది.

"నేనేం తప్పు మాట్లాడిన? మందల పొట్టేలు..." అని గొణిగాడు.

"ఆగు, పొట్టేలు ముచ్చటనే మాట్లాడుదాం," అంది నాగవ్వ. "పొట్టేలును కొనేటప్పుడు ముందుగల్ల ఏం జూస్తరు?"

"పండ్లు," అన్నాడు అలవాటు కొద్దీ.

"తెరువు."

అలవాటు కొద్దీ నోరు కూడా తెరిచాడు. కింద మూడు లేవు. పిట్లం నుంచి వచ్చిన కిష్టయ్య అనే ముసలి కాపరి తొంగిచూసి, "గీ పండ్లకు మందల ఉంచరు బిడ్డా," అని తీర్పు చెప్పాడు.

"ఒక్క పొట్టేలును మందల ఎన్నేండ్లు ఉంచుకుంటవు?" అని నాగవ్వ మళ్లీ అడిగింది.

నేను ఉండబట్టలేక, "రెండేండ్లు. తర్వాత అమ్మాలె, లేకుంటె ఇంకో మందకు మార్చుకోవాలె," అన్నాను. రోజూ అందరికీ చెప్పే మాటే అది.

"ఇన్నవా? రెండేండ్లు. నువ్వు ఇరవై తొమ్మిదేండ్ల సంది ఉన్నవు."

మళ్లీ నవ్వులు. నాగవ్వ నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వారం రోజుల సంది నాకు బువ్వ గొంతు దిగలే. నీకెట్లున్నది నాగవ్వా అని ఒక్కసారన్న అడిగినవా? రంగేసుకుంట కూసున్నవు. నిన్ను నేను అమ్మలే, మార్చలే. ఎందుకో ఎరుకేనా?"

ఎవరూ నవ్వడం లేదు. లింబాద్రి తలొంచుకుని, "ఎందుకే?" అన్నాడు.

"నేను గొర్రెను గాను గన్క."

మిగిలిన చీరను సంచిలో వేసుకుని ఆమె బస్సు వైపు నడిచింది. లింబాద్రి దిక్కుతోచక నా ముఖంలోకి చూశాడు.

"నన్ను జూస్తవేంది, పో," అని కసిరాను. అతను చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాడు.