నా గడియారం చూసి పెట్టిన టైం

ఇన్నేళ్లుగా ఒక గడియారం బరువు మోస్తున్నాను. చేతికి పెట్టుకునేంత చిన్నదే, అయినా బరువే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోగలుగుతున్నాను.

హైటెక్ సిటీలో మొదటి భవనం లేచిన కొత్త. అనంతపురం నుంచి వచ్చి ఒక సెల్‌ఫోన్ కంపెనీలో చేరాను, ఇంకా పర్మనెంట్ చెయ్యలేదు. ఖాజాగూడలో యాదగిరన్న వాళ్లింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆయన మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వ్యాను నడిపేవాడు. నన్ను చెల్లె అనేవాడు. ఆదివారం కోడికూర వండితే నా గిన్నె నింపాకే వాళ్లు కూర్చునేవాళ్లు.

టవర్లన్నింటినీ నడిపే మిషన్ మా ఆఫీసులో ఉండేది. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే టైం మేమే పెట్టాలి. ఒకసారి ఆ పని నా మీద పడింది. నా చేతి గడియారం చూసి పెట్టాను. బస్సు తప్పిపోకుండా దాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుకోవడం నా అలవాటు. మన ఇళ్లల్లో సగం గోడ గడియారాలు అలాంటివే కదా. ఆ పది తీసెయ్యాలన్న సంగతి ఆ పూట మరిచిపోయాను.

అప్పట్లో ఎవరి ఫోనులో టైం వాళ్లే పెట్టుకునేవాళ్లు. టవర్ నుంచి తనంతట తానే టైం తీసుకునే ఫోన్లు ఎక్కడో ఒకటీ అరా. అలాంటిదొకటి యాదగిరన్న మేనేజరు విదేశం నుంచి తెచ్చుకున్నాడు. అది చూసి మురిసిపోయి ఆఫీసు గోడ గడియారాన్ని కూడా దాని ప్రకారమే మార్పించాడు. ఆ గడియారం లెక్కన మర్నాటి నుంచి వ్యాను రోజూ పది నిమిషాలు లేటే. ఎక్కేవాళ్ల గడియారాలు తలో టైం చూపించేవి కాబట్టి, ఎవరూ గట్టిగా అడ్డు చెప్పలేకపోయారు.

ఒక సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే వాకిట్లోనే అడిగాడు.

"చెల్లె, రోజూ లేటొస్తున్ననంటుండు మా సారు. నేనేమో రేడియో వార్తలకే గడియారం కలుపుకుంటున్న. రేపు సుత లేటైతే ఇగ రావొద్దన్నడు. నువ్వు ఫోన్ల కంపెనీలనే చేస్తవు గద, ఆ టవర్ టైం తప్పయితదా? అయితే జర ఒక్క మాట మా సారుకు చెప్తవా?"

ఆయన అడుగుతుండగానే నాకు అర్థమైపోయింది. గడియారం ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"తప్పు కాదన్నా. అది మిషన్‌ది. నీ గడియారమే ఒకసారి చూపించుకో."

"అంతేనంటవా? ఇగ నువ్వంటే అంతే ఉంటది."

మర్నాడు ముందే బయలుదేరాడు. కానీ దారిలో ఎక్కేవాళ్లు వాళ్ల టైముకే వచ్చారు, వ్యాను మళ్లీ లేటైంది. మధ్యాహ్నానికల్లా ఆయన ఇంట్లో ఉన్నాడు. అదే రోజు నేను ఆఫీసులో టైం సరిచేశాను. ఎవరూ చూడలేదు.

ఎందుకలా అన్నాను? భయమే. టైం తప్పితే కాల్ బిల్లులన్నీ తప్పుతాయి, బయటపడితే నా ఉద్యోగం పోయేది. కానీ భయం ఒక్కటే అయితే "రేపు కనుక్కుంటానన్నా" అని తప్పించుకునేదాన్ని. అది కూడా అనలేదు. ఆయన కళ్లల్లో చదువుకున్న చెల్లెగా మిగలడం కోసం ఆయన్నే తప్పు చేసినవాణ్ణి చేశాను. ఈ మాట రాయడానికే నాకు సిగ్గుగా ఉంది.

గడియారాన్ని రిపేరు కొట్టుకు తీసుకెళ్లాడు. బాగానే ఉందన్నాడట కొట్టతను. యాదగిరన్న అతని మాట నమ్మలేదు, నా మాటే నమ్మాడు. దాన్ని తీసి బీరువాలో పడేశాడు. తర్వాత ఎవరిదో ఆటో కిరాయికి తీసుకుని నడిపాడు. రోజూ పొద్దున బయలుదేరేముందు వాకిట్లోంచి కేకేసేవాడు, "చెల్లె, టైమెంతయింది?" అని.

నేను చేతికేసి చూసి, పది తీసేసి చెప్పేదాన్ని. అక్కడున్నన్నాళ్లూ ఒక్క రోజు కూడా ఆ పది తియ్యడం మరిచిపోలేదు.

ఇప్పుడు చెప్పినంత మాత్రాన ఆయన ఉద్యోగం తిరిగి రాదు. తెలుసు. అయినా ఒక్కసారైనా ఈ మాట నా లోపల్నుంచి బయటికి రావాలి. యాదగిరన్నా, నీ గడియారం సరిగ్గానే నడిచింది.