సగం ఎండిన వడియాలు

తార్నాకలో మా పై గదిలో అద్దెకున్న అమ్మాయిది కర్ణాటక కొండల్లో, వానకు విసుగే ఉండని అడవిలో ఒక చిన్న ఊరు. యూనివర్సిటీలో చెట్ల చదువు. పొద్దున్నే క్యాంపస్‌లో నడకకు నన్నూ లాక్కుపోయి, దారిపొడవునా చెట్ల పేర్లు చెప్పేది. నాలుగో తరగతితో బడి మానేసిన నేను ఆ పేర్లన్నీ ఇప్పటికీ వరసగా చెప్పగలను.

మొదటి ఏడాది సెలవులకు ముందు వాళ్లమ్మ ఫోన్లో తేల్చేసింది. ఎవరింట్లో ఉంటున్నావో నా కళ్లతో చూడందే మళ్లీ పంపనని. ఆమె రావడానికి లేదు, ఇంట్లో ఆవు ఈనబోతోంది. అమ్మాయి మా మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

"ఆమె రాకుంటే నేనే పోయి కనబడత," అన్నాను.

"గంత దూరం పోయి ఏం జేస్తవ్? వాళ్ల భాష నీకొస్తదా?" అన్నాడు మా ఆయన.

"నీ భాష వచ్చి ఇన్నేండ్లు నాకేం ఒరిగింది?"

ఆయన వెళ్లి నాకూ టికెట్ తెచ్చాడు.

రైలు దిగి బస్సు, బస్సు దిగి జీపు, జీపు దిగి నడక. చెట్ల కింద పట్టపగలే మసక. నా పాదాలకు జలగలు పట్టుకుంటే అమ్మాయి సున్నం రాసి తీసేసి, మా ఇంట్లో నేర్చిన తెలుగులో అంది.

"మా ఊరి చుట్టాలు ఆంటీ. ముందుగాల వీళ్లే పలకరిస్తరు."

ఊరంటే ఏడెనిమిది ఇళ్లు, ఒక ఇంటికి ఇంకో ఇల్లు కనిపించదు. వాళ్లమ్మ చెంబుతో నీళ్లిచ్చింది గాని నవ్వలేదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆ కన్నడాన్ని నాకు తెలుగులో చెప్పాల్సింది ఈ అమ్మాయే.

"ప్రయాణం మంచిగ అయిందా అంటున్నది ఆంటీ."

"మీ అమ్మ నోట గంట అన్న మాట నాకు వినబడలేదా బిడ్డా? నువ్వు ఎన్ని గంటలకు ఇల్లు చేరుతవని అడుగుతున్నది. సక్కగ చెప్పు."

చీకటి పడితే నేనే వీధి చివరికి వెళ్లి నిలబడతానని చేతులతో చూపించాను. ఆమె నా ముఖం చూసి, పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది.

మాటలతో అయ్యే పని కాదనిపించింది. వాళ్ల పిల్లకు మా ఇంటి గుమ్మడి వడియాలంటే ప్రాణం. అవి పెట్టి చూపిద్దామని, వాళ్ల పెరట్లోని బూడిద గుమ్మడికాయ తరిగి మినప్పిండిలో కలిపాను. మర్నాడు కాస్త ఎండ కనిపించగానే వాకిట్లో నా పాత చీర పరిచాను. మా తార్నాక డాబా అనుకున్నాను కాబోలు. ఆఖరి వరస పెడుతుండగానే వాన దిగింది.

వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె రెండు కొసలు, నేను రెండు కొసలు పట్టుకుని చీరను లోపలికి చేర్చాం. నేను చూరు నీళ్లలో తడిసి ముద్దయ్యాను. అప్పుడు నవ్విందామె, తలుపు పట్టుకుని మరీ. ఇప్పుడు ఎండ ఎక్కడిదక్కా అంటోందని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. 'అక్కా' అన్నది బాగా వినిపించింది.

వడియాలను వెదురు తట్టలోకి మార్చి, సెగకు ఆరేలా పొయ్యి పైనున్న అటక మీద పెట్టింది. ఉన్నన్నాళ్లూ ఇద్దరం ఆ పొయ్యి దగ్గరే. ఆమె వండేది, నేను వడియాలు తిరగేసేదాన్ని. ఆమె కూతురి చిన్నప్పటి అల్లరి చెబితే, ఆ పిల్ల తార్నాకలో చేసే అల్లరి నేను చెప్పేదాన్ని.

"నా చాడీలు నేనే చెప్పుకోవాల్నా?" అని ఆ పిల్ల విసుక్కుని లేచిపోయింది. అయినా మా కబుర్లు ఆగలేదు.

బయల్దేరే రోజు వచ్చింది. ఆమె పంపుతాననలేదు, పంపననీ అనలేదు. సంచీ భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. లోపలినుంచి వెదురు తట్టను అరిటాకుతో కప్పి కట్టి తెచ్చింది. నేను చేతులు చాపితే నాకివ్వలేదు. కూతురి చేతుల్లో పెట్టి ఏదో చెప్పింది. ఆ పిల్ల తట్టను గుండెకు హత్తుకుంది.

"ఏమన్నది బిడ్డా?"

"ఇవి ఇంకా ఎండాల్నట ఆంటీ. మీ డాబా మీద పెట్టి, రోజూ నేనే తిరగెయ్యాల్నట."

ఆ రోజు దారిలో జలగలు పట్టినా మేం చూసుకోలేదు. ఉన్న ఒక్క గొడుగూ తట్టకే పట్టి, వానలో నవ్వుకుంటూ కొండ దిగాం.