అక్క ఫోన్లో దేవుళ్ళు

కాలవల శాఖలో ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే లాకుల దగ్గర నీటిమట్టం చూసి పుస్తకంలో రాయడం నా పని. రిటైరయ్యాక చూడడానికి నీరు లేదు గాని రాసే అలవాటు పోలేదు. ఇప్పుడు నా డైరీలో వానతో, ఎండతో పాటు ఫోన్లూ కంప్యూటర్లూ వచ్చి చేరాయి. ఏ బటన్ నొక్కితే ఏమైందో, ఏది నొక్కకూడదో రాసిపెట్టుకుంటాను. అందులోంచి రోజుకొక చిట్కా మా రాజమండ్రి పెన్షనర్ల గ్రూపులో పెడతాను. తెలియని లింకు ముట్టుకోకండి, ఓటీపీ అల్లుడికైనా చెప్పకండి, ఇలాంటివన్నమాట. ఉత్త చిట్కా ఎవరూ చదవరు కనక, ఆ వారానికి తగిన దేవుడి బొమ్మ పెట్టి దాని కింద రాస్తాను. పెద్దాపురంలో ఉండే మా అక్కకూ ఒకటి పంపుతాను. ఐదేళ్ళుగా ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఒక బుధవారం పొద్దున్న అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, వీడియో కాల్ రావట్లేదురా. నొక్కితే ఏదో రాసి మూసుకుపోతోంది.”

“ఏం రాసింది? ఉన్నదున్నట్టు చదువు.”

“యాప్ పాతదైపోయిందంట, కొత్తది వేసుకోమంటోంది. సరే అంటే చోటు లేదంటోంది. ఎల్లుండే సీమంతం! ఇప్పుడెలాగరా?”

తణుకులో ఉన్న అక్క మనవరాలి సీమంతం అది. మా ఇళ్ళలో సీమంతం ఎవరిదైనా, గాజులు తొడిగేటప్పుడు అక్కే పాడాలి. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పాట, పూర్తిగా వచ్చింది అక్క ఒక్కదానికే. ఒక్కో గాజుకు ఒక్కో చరణం. గాజు ముంజేతిలోకి జారేదాకా చరణాన్ని సాగదీయాలి, జారగానే అందుకోవాలి. చెయ్యి కనపడకపోతే ఆ పాట నడవదు, అందుకే మామూలు ఫోన్ కాల్ పనికిరాదు. అక్కకు మోకాలి ఆపరేషనై నెల కూడా కాలేదు. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. వీడియో కాల్‌లో పాడతానని మనవరాలికి మాటిచ్చేసింది.

లాప్‌టాప్, మౌసు, కేబుల్, డైరీ సంచిలో వేసుకుని మధ్యాహ్నానికల్లా పెద్దాపురం చేరాను. బావగారు అరుగు మీదే ఎదురొచ్చారు.

“రావయ్యా డాక్టరూ! పేషెంటు లోపలుంది. ఫోనుకా, మోకాలికా ఫీజు?”

“ముందు కాఫీ ఇప్పించండి బావగారూ, అప్పుడు చెబుతాను.”

అక్క ఫోన్ తెరిచి చూశాను. ఆరువేల పైచిలుకు ఫోటోలు. పువ్వుల మీద శుభోదయాలు, అరటి గెలల ధరలు, ఎవరివో పెళ్ళి కార్డులు. అవన్నీ ఆవిడ చూస్తుండగానే తీసేశాను. మిగిలిన నాలుగువేలూ దేవుళ్ళే. ఫోన్ ఇంకా చోటు చాలదంటూనే ఉంది. దేవుళ్ళనూ ఎంచుకుని తీసేసే బటన్ దగ్గరికి వేలు తీసుకెళ్ళేసరికి అక్క నా చెయ్యి పట్టేసుకుంది.

“ఆ బొమ్మేంట్రా?”

“తీసేసే బటన్ అక్కా.”

“అది చెత్తబుట్ట కాదూ? వెంకటేశ్వరస్వామిని చెత్తబుట్టలో వేస్తావా? నీకేమైనా మతిపోయిందా?”

“అది ఉత్త గుర్తే.”

“గుర్తయినా చెత్తబుట్టే కదా! ఇంట్లో పాత క్యాలెండరుంటే గోదాట్లో కలుపుతాం గాని చెత్తలో వేస్తామా?”

నేను సంచిలోంచి డైరీ తీసి తిరగేయడం మొదలుపెట్టాను. బావగారు కళ్ళజోడు సవరించుకుని ఫోన్ అందుకున్నారు. ఒక బొమ్మ పెద్దది చేసి, కింద ఉన్నది గట్టిగా చదివారు.

“‘మీ ఫోను నిండిపోతే అక్కర్లేని ఫోటోలు వెంటనే తీసెయ్యండి.’ ఇది ఎవరు రాశారమ్మా, ఇంత మంచి మాట? స్వామివారి పాదాల కిందే రాశారు!”

అక్క కళ్ళు పెద్దవి చేసింది. “ఇవన్నీ నువ్వు పంపినవేంట్రా?”

సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, గురువారం సాయిబాబా. వరసగా చూసుకుంటూ పోతే సగం నావే. పైగా పండగలకు రెండేసి. ఊరందరికీ ఫోను తేలిక చేసుకోమని చెబుతూ, మా అక్క ఫోన్ నేనే నింపేశాను. బావగారు నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. అక్కకూ నవ్వొచ్చింది గాని బటన్ మీద మాత్రం మనసు మార్చుకోలేదు.

అప్పుడు వినాయక చవితి గుర్తొచ్చింది.

“అక్కా, పూజయ్యాక వినాయకుణ్ణి ఏం చేస్తావు?”

“ఉద్వాసన చెప్పి, కాస్త కదిపి, తీసుకెళ్ళి కాలవలో కలుపుతాం.”

“వీళ్ళనీ కదుపుదాం. చెత్తబుట్ట జోలికి పోవద్దు. ఈ ఫోన్లోంచి నా లాప్‌టాప్‌లోకి పంపిద్దాం.”

కేబుల్ కలిపాను. ఫోన్లో ‘ఛార్జింగ్ మాత్రమే’ అని ఉన్నదాన్ని ‘ఫైళ్ళు పంపడానికి’ అని మార్చాను. చాలామంది ఇది మార్చక కేబుల్ పాడైందనుకుంటారు. లాప్‌టాప్‌లో కొత్త ఫోల్డరు తెరిచి ‘దేవుడి గది’ అని పేరు పెట్టాను. ఆ పేరు చూశాక అక్క మెత్తబడింది.

“ఆగు, హారతిస్తాను.”

“దూరం నుంచి ఇవ్వు. వేడి తగిలితే బ్యాటరీ పాడవుతుంది.”

కర్పూరం వెలిగించి అల్లంత దూరం నుంచి హారతి చూపించింది. తరవాత, ఫోన్లో నకలు మిగలకుండా నేను షిఫ్ట్ బటన్ నొక్కి ఉంచితే, మౌసు తనే పట్టుకుని బొమ్మలన్నీ ఒక్కసారిగా లాగి ఫోల్డరులో వదిలింది. అన్నీ వెళ్ళేసరికి ముప్పావు గంట పట్టింది. ఫోల్డరులో లెక్క సరిపోయిందని చూశాకే కేబుల్ తీశాను.

“నీ లాప్‌టాప్ ఇకమీదట మంచం మీద పెట్టకు. కాళ్ళ దగ్గర అసలే పెట్టకు,” అంది అక్క.

“ఒళ్ళో పెట్టుకోవచ్చా?”

“భక్తిగా పెట్టుకో.”

కొత్త యాప్ వెంటనే ఎక్కింది. వచ్చే బొమ్మలు వాటంతటవే ఫోన్లో చేరకుండా సెట్టింగు మార్చేశాను. నా ఫోన్ బావగారి చేతికిచ్చి ఎదురుగా కూర్చోబెట్టి, దానికి వీడియో కాల్ చేసి చూశాం. ఆయన నోరు తెరిచి పళ్ళు చూపించారు.

శుక్రవారం దాకా అక్కడే ఉండిపోయాను. తణుకులో పీట మీద మనవరాలు, ఇక్కడ పట్టుచీరలో కుర్చీ మీద అక్క. కుడిచేతికి మొదటి గాజు తొడగబోతుంటే తెర మీద చెయ్యి ముక్కలుముక్కలుగా ఆగిపోయింది. మాట గరగరమంది. పెద్దాపురంలో సిగ్నలు బలహీనంగా ఉంది. మన కెమెరా ఆపేస్తే ఆ మేరకు గొంతుకూ, వాళ్ళ బొమ్మకూ దారి దొరుకుతుంది. ఆపేశాను.

“నేను వాళ్ళకి కనపడను కదరా! ఈ చీర ఎవరికోసం కట్టుకున్నట్టు?”

“నేనున్నాను కదే చూడ్డానికి. పాడు!” అన్నారు బావగారు.

చెయ్యి మళ్ళీ స్పష్టంగా కదిలింది. అక్క అందుకుంది. ఆకుపచ్చ గాజు జారింది, తరవాత ఎర్రది, తరవాత పసుపు. ఒకటి పిడికిలి దగ్గర పట్టేస్తే చరణాన్ని అలాగే పట్టి నిలబెట్టింది. అది జారగానే తణుకులో ఆడవాళ్ళందరూ గలగలా నవ్వారు. పాట అయిపోయింది. అక్క కళ్ళు తుడుచుకుని ఫోన్ నాకివ్వబోయింది.

“అమ్మమ్మా, పెట్టెయ్యకు!” మనవరాలి గొంతు ఇల్లంతా వినిపించింది. “ఇంకో చెయ్యుందిగా!”

అక్క కొంగు సర్దుకుని మొదటి చరణం మళ్ళీ ఎత్తుకుంది.