పెన్సిల్ పేర్లు

ఇరాక్ సైన్యం వచ్చిన రోజుల గురించి కువైట్ తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే పాట. “ఇంజనీరు లేదు, డ్రైవరు లేదు, అందరం ఒకే బస్సెక్కాం, సమానమైపోయాం” అని. బస్సు ఒకటే, నిజమే. ఎక్కేముందు ఎవరి చేతికి ఏ కాగితం వచ్చిందో, ఎవరికి రాలేదో చూసినదాన్ని నేను. సమానం అన్న మాట నా ముందు అనకండి.

1990లో ఫహాహీల్‌లోని ఒక భారతీయ పాఠశాలలో నేను ఆఫీసు క్లర్కుని. కాకినాడలో బీకాం చదివి, పెళ్లయి వచ్చి చేరాను. మా బడి అంటే రెండు అద్దె విల్లాలు. పడకగదిలో ఆరో తరగతి, యాభై మంది పిల్లలు. రోడ్డుకి అవతల సర్కారు బడి. దానికి ఆటస్థలం, ల్యాబు, ఉచిత పుస్తకాలు అన్నీ ప్రభుత్వమే ఇచ్చేది. మా పిల్లలకి అందులో చోటు లేదు. మా బడికి ప్రభుత్వం నుంచి చాక్‌పీసు ముక్క కూడా రాదు, ఫీజులతోనే నడవాలి.

అడ్మిషన్ రిజిస్టర్ నా చేతిలో ఉండేది. చేరిన ప్రతి పిల్లకీ అందులో ఒక నంబరు పడుతుంది. ఆ నంబరు లేనిదే టీసీ, అంటే బడి మారేటప్పుడు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్, రాయలేం. ఇఖామా, అంటే నివాస అనుమతి, లేని పిల్లల్ని చేర్చుకోకూడదని రూలు. ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలకి అది రాదు. అయినా మేం చేర్చుకునేవాళ్లం. ఎలాగంటారా? అటెండెన్స్ రిజిస్టర్‌లో అందరికంటే చివర, పెన్సిల్‌తో. ఇన్‌స్పెక్షన్ అని తెలిస్తే వాళ్లని రావద్దనేవాళ్లం, పేరు రబ్బరుతో చెరిపేవాళ్లం, మర్నాడు మళ్లీ రాసేవాళ్లం. ఫీజు రశీదు మాత్రం సిరాతోనే రాసేదాన్ని.

సైన్యం వచ్చేసరికి వేసవి సెలవులు. ప్రిన్సిపాల్ ఇండియాలో ఉండిపోయారు. జనం బస్సుల్లో జోర్డాన్ మీదుగా ఇండియాకి ఒక్కొక్కరే బయల్దేరుతుంటే మా వైస్ ప్రిన్సిపాల్, గుంటూరాయన, పొద్దున పూట ఆఫీసు తెరిపించి టీసీలు ఇప్పించేవారు.

ఒకరోజు ఓబులేసు వచ్చాడు. రాజంపేట దగ్గరి మనిషి. ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు, భార్య అదే ఇంట్లో వంటమనిషి. కూతురు లక్ష్మీదేవి ఆరో తరగతి పాసయింది, తండ్రి పక్కనే నిలబడింది.

“మేడమ్, రేపు పొద్దున మాకు బస్సుండాది. పాపకు టీసీ రాసియ్యండి.”

“రిజిస్టర్‌లో పేరే లేదయ్యా. లేని పిల్లకి టీసీ ఎక్కణ్ణుంచి తేను?”

“ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష గదా మేడమ్. కాయితం లేకుంటే చేర్చుకోరు. మా తమ్ముని కొడుకును అట్లే ఐదులో కూచోబెట్టినారు. వాడు సిగ్గుపడి బడే మానుకున్యాడు.”

“అయితే నన్నేం చెయ్యమంటావు?”

“ఫీజు కట్టేటప్పుడు పేరు ఉన్యాది గదా మేడమ్?”

పక్కనున్న పిల్ల అందుకుంది: “నేను రోజూ ప్రెజెంట్ అన్నాను గదా మేడమ్. మీరే ఒకసారి క్లాసుకొచ్చి పేర్లు పిల్చినారు.”

నా నోటికి ఎదురు లేదని బడంతా చెప్పుకునేవారు. ఆ నోరు ఈ పిల్ల మీద కాదు, లోపల వాడాలనిపించింది. వాళ్లని బయట కూర్చోమని, అటెండెన్స్ రిజిస్టర్ పట్టుకుని లోపలికి వెళ్లాను.

“కుదరదమ్మా,” అన్నారు వైస్ ప్రిన్సిపాల్. “రేపు ఈ దేశం మళ్లీ నిలబడితే, ఇఖామా లేనివాళ్లని చేర్చుకున్నారని మన లైసెన్స్ పీకేస్తారు.”

“నిలబడనివ్వండి సార్, అందరికంటే ముందు సంతోషించేది నేనే. పీకేదేదో అప్పుడు పీకుతారు. ఈ పిల్ల బస్సు మాత్రం రేపే.”

ఆయన కిటికీలోంచి చూశారు. సర్కారు బడి గేటు ముందు ఇసుక మూటలు, తుపాకులతో ఇరాకీ సైనికులు. అంత డబ్బు పోసి కట్టిన ఆటస్థలంలో ట్రక్కులు నిలిపారు.

“సరే, ఈ ఒక్క పిల్లకి రాయి. బయట చెప్పకు.”

“మిగతా పది మందికో?”

“వాళ్లు అడగలేదుగా?”

“అడిగినా రాదని మనమే నేర్పాం కదండీ! ఇరాకీ వాళ్లకి భయపడి కాదు, మనకి భయపడి రాలేదు వాళ్లు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నీతో వాదించడం కంటే చెక్‌పోస్టులో వాళ్లతో వాదించడం నయం. రాయి తల్లీ, అందరికీ రాయి.”

అడ్మిషన్ రిజిస్టర్‌లో చివరి నంబరు కింద పదకొండు పేర్లు సిరాతో ఎక్కించాను. పదకొండు టీసీలు రాశాను. ఆయన సంతకం చేసి, సీలు వేశారు. ఓబులేసుకి ఏడు కుటుంబాల ఇళ్లు తెలుసు, తనదాంతో కలిపి. ఆ ఏడు కాగితాలూ చొక్కా లోపల దాచుకుని, “యల్లా, పా లక్ష్మీదేవీ, ఎండెక్కకముందే పంచేసి వద్దాం” అని నడిచాడు.

నేనూ కాకినాడ చేరిన కొన్ని నెలలకి నాకు లక్ష్మీదేవి ఉత్తరం వచ్చింది. ఏడో తరగతిలోనే చేర్చుకున్నారట. లెక్కల సారు కొడతాడని ఫిర్యాదు కూడా రాసింది.

యుద్ధం ముగిశాక నేను తిరిగి వెళ్లాను. బడి తెరిచిన రోజు యాజమాన్యం “మనమంతా ఒకే కుటుంబం” అని ఉపన్యాసమిచ్చింది. మధ్యాహ్నం కొత్త అటెండెన్స్ రిజిస్టర్‌తో పాటు చెక్కిన పెన్సిల్ నా బల్ల మీద పెట్టింది. నేను ముట్టుకోలేదు. ఆ పని ఇంకొకరికి ఇచ్చారు.

నాకు తెలిసింది ఇదే. రోడ్డుకి అవతలి గోడ మనం కట్టలేదు, మనం పడగొట్టలేం. ఇవతల పెన్సిల్ చెక్కింది మాత్రం మనవాళ్లే, నాతో సహా. ఊరికే సమానమైపోరెవరూ. ఒకరు కూర్చుని పేరు సిరాతో రాయాలి.

మిగిలిన నాలుగు టీసీల కోసం ఎవరూ రాలేదు. అవి ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఇద్దరు మూడో తరగతి, ఒకడు ఐదు, ఒక పిల్ల ఎనిమిది. బస్సు దిగాక ఆ నలుగురినీ ఏ బడి చేర్చుకుంది, ఏ తరగతిలో కూర్చోబెట్టింది?