బావగారి కారులో ఎర్రదీపం

మొన్న మా తమ్ముడి కూతురు నన్ను మైలవరంలో ఒక గృహప్రవేశానికి తన కారులో తీసుకెళ్తుంటే, గొల్లపూడి దాటగానే స్టీరింగు వెనకాల చిన్న దీపం ఒకటి వెలిగింది. "అదేంటే?" అన్నాను. "ఏదో సెన్సార్ పోయుంటుంది అత్తా, ఏం కాదు" అని ఆ పిల్ల పాట మార్చుకుంది. అంతే, ఆ దీపం ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేను మాత్రం ఇబ్రహీంపట్నం దాటేదాకా ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాను. గృహప్రవేశంలో పులిహోర బాగుందని అందరూ అన్నారు. నేనేం తిన్నానో నాకు గుర్తులేదు.

డెబ్బైల్లో నేను కాపురానికొచ్చిన ఇల్లు భవానీపురంలో, కృష్ణకి దగ్గర్లో ఉండేది. రెండు వాటాల పెంకుటిల్లు. ఒక వాటాలో మేమిద్దరం, రెండో వాటాలో మా బావగారు, అక్క, వాళ్ళ పిల్లలు. అక్కంటే నా తోడికోడలు. మా ఆయన కాలవల ఆఫీసులో గుమాస్తా. బావగారికి మాత్రం ఆఫీసూ పడలేదు, వ్యవసాయమూ పడలేదు. వాళ్ళ భూమి కాలవ చివర ఉండేదట. పైవాళ్ళందరి చేలూ తడిసి, మిగిలితే వీళ్ళకి నీళ్ళు. ఏటా ఆకుమడి కళ్ళముందే ఎండిపోవడం చూసి చూసి, తన వాటా అమ్మేసి, ఒక డాక్టరుగారి దగ్గర పాత కారు కొన్నారు. డాక్టరుగారి కంటే ముందు అది ఎవరెవరి దగ్గర తిరిగిందో ఎవరికీ తెలీదు. కప్పలా గుండ్రటి వీపు, వానాకాలంలో ముక్కిపోయిన బియ్యం వాసన కొట్టే సీట్లు, ఎడమవైపు తలుపుకి గొళ్ళెం బదులు తాడు. అయినా అది వాకిట్లో నిలబడితే మా వీధికే ఒక హోదా. పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, స్టేషనులో బంధువుల్ని దించడానికీ బావగారి కారే. వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, 'కారుగారు' అనేవాళ్ళు. అక్కని కారుగారి భార్య అనేవాళ్ళు. శుక్రవారం పూట అక్క గడపకి పసుపు రాసి, ఆ చేత్తోనే కారు ముందు భాగానికి కూడా బొట్టు పెట్టేది. పిల్లల బడి, ఇంటి బియ్యం, అక్క ఉబ్బసానికి మందులు, అన్నీ దాని మీదే నడిచేవి మరి.

కొత్తకోడల్ని కాబట్టి నేను బావగారి ఎదట నిలబడేదాన్ని కాదు. ఆయనా నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. నేను పక్కనే ఉన్నా సరే, "అమ్మాయిని మంచినీళ్ళిమ్మను" అని అక్కతో చెప్పేవారు. నేను నీళ్ళిచ్చి, "ఇంకా కావాలేమో అడుగక్కా" అనేదాన్ని. మా ఇద్దరి మధ్యా అక్క టెలిఫోను ఆపరేటరులా అటు మాట ఇటూ ఇటు మాట అటూ వేసి, మధ్యలో తన మాట కూడా కలిపి నవ్వేది.

ఒక ఎండాకాలం ఆ కారులో ఎర్రదీపం వెలగడం మొదలైంది. ఇంజనులో నూనె సరిగ్గా తిరుగుతుంటే ఆరిపోయి, తిరగకపోతే వెలిగే దీపం అది. బండి స్టార్టు కాగానే ఆరాలి. ఆరేది కూడా. కానీ బండి కాస్త వేడెక్కి ఎక్కడైనా ఆగితే చాలు, మళ్ళీ మిణుకుమిణుకుమనేది. మెకానిక్కు చూసి, "లోపల బేరింగులు అరిగిపోయాయండీ. ఇంజను దించాలి" అన్నాడు. ఇంజను దించడమంటే బండి మళ్ళీ కొన్నంత పని. బావగారు ఇంటికొచ్చి, "వాడికి తలనొప్పని చెప్పినా ఇంజను దించమనే అంటాడు" అని కొట్టిపారేశారు. ఆయన లెక్క ప్రకారం తప్పు ఇంజనుది కాదు, దానికి బిగించి ఉన్న ఆయిల్ స్విచ్చిది. ఆ దీపాన్ని వెలిగించేదీ ఆర్పేదీ అదే. మొన్న మా తమ్ముడి కూతురు సెన్సార్ అన్నది అలాంటిదాన్నే అనుకుంటాను. చింతకాయంత ఉంటుంది. అది చెడిపోయి అబద్ధం చెబుతోందని ఆయన నమ్మకం. గవర్నరుపేట వెళ్ళి కొత్తది కొనుక్కొచ్చి, ఒక ఆదివారం ఉదయం వాకిట్లో బానెట్టు ఎత్తారు.

ఆ స్విచ్చి ఉన్న చోటు చూస్తే, దాన్ని అక్కడ పెట్టినవాడికి మనుషుల చేతులెలా ఉంటాయో తెలీదనిపించింది. ఇంజనుకి వెనకవైపు, డ్రైవరు కాళ్ళ దగ్గరి రేకుకీ ఇంజనుకీ మధ్య సందులో, గొట్టాల కింద ఎక్కడో ఉంది. కంటికి కనబడదు, తడిమి తెలుసుకోవాలి. బావగారిది నాగలి పట్టిన చెయ్యి, మణికట్టు దగ్గరే ఇరుక్కుపోయింది. మా ఆయన చెయ్యి మోచేతిదాకా వెళ్ళింది గానీ వేళ్ళు అందలేదు. చెయ్యి బయటికి లాగేసరికి చర్మం గీరుకుపోయి, నోట్లోంచి ఆఫీసులో నేర్చుకున్న ఇంగ్లీషు తిట్టొకటి వచ్చింది. ఎండ ఎక్కింది. బావగారి బనీను తడిసి ముద్దయింది. ఆయన నడుం పట్టుకుని లేచి, నేను గుమ్మం వెనకాల ఉన్నానని తెలిసే, అక్కతో అన్నారు.

"అమ్మాయి చెయ్యి సన్నంగా ఉంటుందేమో."

అక్క గట్టిగా నవ్వింది. "వంట చెయ్యడానికి తెచ్చుకున్నామండీ, ఇంజన్లు విప్పడానిక్కాదు" అంటూనే నన్ను వాకిట్లోకి లాక్కొచ్చింది. కుడిచేతి గాజులు తియ్యాలన్నారు. పెళ్ళైన ఏడే, బోసి చెయ్యి ఏమిటని అక్క పసుపు రాసిన దారం తెచ్చి నా మణికట్టుకి కట్టింది. కొంగు బిగించి, బావగారి ముఖం చూడకుండా కారు మీదికి వంగి, చెయ్యి లోపలికి పోనిచ్చాను. కళ్ళు మూసుకున్నాను. తెరిచినా కనబడేదేం లేదు. లోపల వెచ్చగా, జిగటగా, ఏదో బతికున్న జంతువు కడుపులో చెయ్యి పెట్టినట్టుంది. వేళ్ళకి స్విచ్చి తగిలింది. చిన్న పానా అందించారు. సందులో అది కొంచెమే తిరిగేది, తీసి మళ్ళీ పెట్టి మళ్ళీ కొంచెం. ఎంతసేపు తిప్పానో, పాతది ఊడి వచ్చింది. గోరువెచ్చటి నూనె మోచేతిదాకా కారింది. కొత్తది బిగించడం ఇంకా కష్టమైంది, మర పట్టలేదు.

"బలవంతం చెయ్యకమ్మా. ముందు వెనక్కి తిప్పు. టక్కుమంటుంది, అప్పుడు ముందుకి తిప్పు."

బావగారు నాతో నేరుగా అన్న మొదటి మాట అది. ఆ సంగతి ఆయనా గమనించలేదు, నేనూ గమనించలేదు. అక్క మాత్రం గమనించి నా వీపు మీద చిన్నగా గిల్లింది. వెనక్కి తిప్పాను, టక్కుమంది. ముందుకి తిప్పితే మర పట్టింది.

బండి స్టార్టు చేశారు. ఎర్రదీపం ఆరిపోయింది. అక్క చప్పట్లు కొట్టింది. మా ఆయన నా నూనెచెయ్యి పట్టుకుని వీధిలోవాళ్ళకి చూపించాడు. బావగారు పొంగిపోయి, "ఇంజను దించాలట, ఇంజను!" అని అక్కడ లేని మెకానిక్కుని ఎగతాళి చేశారు. అక్క పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టడానికి లోపలికెళ్ళింది. బండి అలా నడుస్తూనే ఉంది. మేం దాని చుట్టూ నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నాం. వేడెక్కింది కాబోలు, ఉన్నట్టుండి దీపం ఒకసారి మిణుక్కుమంది. తర్వాత మళ్ళీ. తర్వాత ఆరకుండా నిలిచి వెలిగింది.

బావగారు తాళం తిప్పి బండి ఆపారు. "కొత్తది కదా, సర్దుకోవాలి" అన్నారు బానెట్టు దించుతూ. పాయసం తిన్నాం. బావగారు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. ఆయన పాయసం రెండోసారి అడగడం నేను అంతకు ముందూ చూళ్ళేదు, ఆ తర్వాతా చూళ్ళేదు.

రెండ్రోజుల తర్వాత పెళ్ళి బేరం. పెళ్ళికొడుకుని మైలవరం తీసుకెళ్ళాలి. పొద్దున్నే నేను ముగ్గు వేస్తున్నాను. బావగారు స్టీరింగు కింద తల దూర్చి ఏదో చేస్తున్నారు. అక్క కాఫీ గ్లాసుతో వచ్చింది.

"ఏం చేస్తున్నారండీ?"

"ఏం లేదు, బల్బు లూజుగా ఉంది."

"లూజుగా ఉంటే బిగించాలి గానీ, తీసి జేబులో వేసుకుంటారేంటి?"

బావగారు లేచి కూర్చున్నారు. "పెళ్ళికొడుకు ఎదురుగా అది ఎర్రగా వెలుగుతుంటే ఏం బావుంటుందే?"

"ఈ ఒక్క బేరం మానుకోండి."

"మానుకుంటే రేపు?"

"రేపటి సంగతి రేపు చూద్దాం."

"రేపు కూడా ఇదే ఇంజను కదే" అన్నారు బావగారు. కోపంగా అనలేదు. పిల్లలకి లెక్క అర్థమయ్యేలా చెప్పినట్టు నెమ్మదిగా అన్నారు. కాఫీ తాగి, గ్లాసు అక్క చేతికిచ్చి వెళ్ళిపోయారు.

ఇబ్రహీంపట్నం దాటాక ఇంజను పట్టేసింది. అప్పుడక్కడ కరెంటు కేంద్రం కడుతున్నారు, రోడ్డంతా సిమెంటు లారీలు. బాసికం కట్టుకున్న పెళ్ళికొడుకు ఒక లారీ ఎక్కి, విభూతి పూసుకున్నట్టు తెల్లగా పెళ్ళిపందిట్లో దిగాడట. ముహూర్తం తప్పలేదు. అదొక్కటే అదృష్టం. పెళ్ళివారి పెద్దాయన మాత్రం పోతూ పోతూ బావగారిని నలుగురిలో అనరాని మాటలన్నాడు. కబురు తెలిసి మా ఆయన బస్సులో వెళ్ళేసరికి, బావగారు రోడ్డుపక్కన ఎండలో, స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని కూర్చుని ఉన్నారు.

"ముందు చప్పుడొచ్చిందిరా. విననట్టే నడిపాను" అన్నారట.

ఒక రైతుని బతిమాలి, కారుకి ఎడ్లు కట్టించి ఇంటికి తెచ్చారు. సాయంత్రం అవి మా వీధిలోకి మలుపు తిరిగినప్పుడు మొదట అందరూ నవ్వారు. స్టీరింగు దగ్గర కూర్చున్న మనిషిని చూశాక నవ్వు ఆపేశారు. అక్క ఎడ్లకి కుడితి పెట్టింది.

ఆ ఇంజను మళ్ళీ తిరగలేదు. బావగారు ఆ కరెంటు కేంద్రం దగ్గరే ఒక కంట్రాక్టరు జీపుకి డ్రైవరుగా కుదిరారు. ఎవరి బండో, ఎవరి హారనో, ఎవరు అరిస్తే అటు. వీధిలో కారుగారు అనడం మెల్లగా మానేశారు. మళ్ళీ పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. అది ఆయనకి ఇంకా కష్టంగా ఉండేదని అక్క అనేది. కారు వాకిట్లోనే వానకి తడిసి, ఎండకి ఎండి, కోళ్ళకి గూడయింది. ఒకరోజు ఆయన పనికెళ్ళినప్పుడు పాతఇనుము కొనేవాణ్ణి పిలిచి అక్క దాన్ని పంపించేసింది. సాయంత్రం ఆయన వచ్చి, ఖాళీ వాకిలి చూసి, చెప్పులు విప్పి, "కాఫీ ఉందా?" అన్నారు. అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆయన నాతో నేరుగానే మాట్లాడారు. కానీ కారు గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడలేదు.

ఆయన పోయిన చాలా ఏళ్ళకి, అక్క మంచాన పడ్డాక, ఒక మధ్యాహ్నం నేను తలకి నూనె రాస్తుంటే ఉన్నట్టుండి అడిగింది. "ఆరోజు నేను అడ్డంగా నిలబడి ఉంటే ఆగేవారంటావా?"

"ఆగేవారేమో అక్కా" అన్నాను.

"ఆగి ఏం చేసేవారే?" అంది.

ఆలోచించి చెబుదామనుకున్నాను. ఆ వేసవి దాటకుండానే అక్క వెళ్ళిపోయింది. ఇప్పుడు నాకు అప్పటి అక్క కంటే ఎక్కువ వయసు. కాలం గడిస్తే ఇలాంటివాటికి జవాబులు వాటంతటవే తెలుస్తాయని చిన్నతనంలో అనుకునేదాన్ని. జవాబులు తెలియలేదు. అడిగినవాళ్ళే ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు.